కొత్త జాతీయం కట్టాలంటే ముందు పేరులేని సందర్భం దొరకాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సొంతంగా జాతీయాలు కల్పించి, వాటికి అర్థాలు కూడా రాస్తున్నారు. ఇప్పటికి ఓ ఇరవై అయ్యాయి. చదివినవాళ్ళు బాగున్నాయంటున్నారు గానీ ఒక్కరూ వాటిని తిరిగి వాడటం లేదు. మచ్చుకి మూడు చూపించారు. "గాజు మేఘం మీద నిద్రపోవడం" అంటే ప్రమాదం తెలియకుండా హాయిగా ఉండటం. "నిప్పుతో చదరంగం" అంటే ప్రమాదకరమైనవాళ్ళతో పెట్టుకోవడం. "చీకటికి రంగు వేయడం" అంటే వృథా ప్రయాస. లోపం ఎక్కడుందని అడిగారు.

నేను పాతికేళ్ళుగా అనువాదాలు చేస్తూ, పక్కవాళ్ళ అనువాదాలు దిద్దుతూ బతుకుతున్నాను. వేరే భాషలోని నుడికారానికి తెలుగులో సాటి దొరక్క తల పట్టుకునే రోజు వారానికి ఒకటైనా వస్తుంది. అప్పుడు కొత్తది కట్టక తప్పదు. అలా కట్టినవాటిలో ముప్పాతిక భాగం చెత్తబుట్టకే పోయాయి. కాబట్టి నేను చెప్పేదాంట్లో గెలుపు కంటే దెబ్బలే ఎక్కువ.

ముందు మీ మూడింటి సంగతి చూద్దాం. "నిప్పుతో చదరంగం" వెంటనే తీసేయండి. "నిప్పుతో చెలగాటం" అని మనకి ఉండనే ఉంది. ఉన్నదాంట్లో ఒక్క మాట మారిస్తే వినేవాడి చెవి పాతదాన్నే వింటుంది, మీరే తప్పు పలికారనుకుంటుంది.

"గాజు మేఘం" ఇంకో రకం ఇబ్బంది. గాజు తెలుసు, మేఘం తెలుసు, గాజు మేఘం ఎవరూ చూడలేదు. కవితలో అయితే చదివేవాడు ఆగి, ఊహించుకుని, ఆనందిస్తాడు. మాటల మధ్యలో అంత తీరిక ఎవరికీ ఉండదు. "మరి నీళ్ళు నమలడం ఎవరు చూశారు?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళని ఎవరూ నమలరు. కానీ ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైనవాడి దవడ ఒక్కసారి గమనించండి. నోరు కదులుతుంది, పెదాలు విడివడతాయి, మళ్ళీ మూసుకుంటాయి, గుటక పడుతుంది, మాట మాత్రం రాదు. నోట్లో ఏదో ఉన్నట్టూ ఉంటుంది, ఏమీ లేనట్టూ ఉంటుంది. ఆ మొహం చూసినవాడెవడో "నీళ్ళు నములుతున్నాడు" అనేశాడు. అంటే అసాధ్యమైన ఆ పని కళ్ళముందు జరుగుతున్నదాని నుంచే పుట్టింది. గాజు మేఘం ఎవరి మొహంలోంచీ పుట్టలేదు, కాగితం మీద పుట్టింది.

మూడోది, "చీకటికి రంగు వేయడం", కట్టుబడిలో మూడింటికీ మెరుగు. చీకటీ తెలుసు, రంగు వేయడమూ తెలుసు, రెండూ కలిస్తే ఎందుకు కుదరదో ఎవరూ చెప్పక్కర్లేదు. దాని లోపం మాటలో లేదు, మీరిచ్చిన అర్థంలో ఉంది. వృథా ప్రయాస అనే గది మన భాషలో ఎప్పుడో నిండిపోయింది. బూడిదలో పోసిన పన్నీరు, అడవి గాచిన వెన్నెల, చెవిటివాడి ముందు శంఖం, ఇంకా బోలెడు. కొత్తవాడికి నిలబడే చోటే లేదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది, కాస్త ఆగుదాం. ఆ మూడు పాతవాటికీ "వ్యర్థం కావడం" అని ఒకే అర్థం రాసి ఊరుకోవచ్చు. అయినా మాట్లాడేవాళ్ళు ఒకదాని బదులు ఇంకోటి వాడరు. విలువైనది తగనిచోట ధారపోసినప్పుడు బూడిదలో పన్నీరు. అందం ఉంది, చూసే కన్ను లేదు, అప్పుడు అడవి గాచిన వెన్నెల. చెప్పేవాడు గొంతు చించుకుంటున్నా ఎదుటివాడికి ఎక్కనప్పుడు శంఖం. పన్నీరులో పోసినవాడి మీద జాలి ఉంది, వెన్నెలలో ఎవరి తప్పూ లేదు, శంఖంలో ఊదేవాడి మీద కొంచెం ఎగతాళి కూడా ఉంది. జాతీయం అర్థం అంటే నిజానికి ఇదే: ఎవరు, ఎవరి గురించి, ఏ క్షణంలో, ఏ గొంతుతో అంటారన్నది. "వృథా ప్రయాస" అన్నది ఆ అర్థం మీద అంటించిన చీటీ మాత్రమే.

మీరు చీటీ ముందు రాసుకుని, దానికి తగ్గ బొమ్మ కోసం వెతుకుతున్నారని నా అనుమానం. చాలామంది చేసేది అదే, మొదటి పదేళ్ళు నేను చేసిందీ అదే. ఈ మధ్య తిరగేసి చేస్తున్నాను. రోజులో తరచూ జరిగే సందర్భం, దాన్ని చెప్పడానికి రెండు వాక్యాలు ఖర్చయ్యే సందర్భం, ఇంకా పేరు లేని సందర్భం. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఒకటి మొదటినుంచీ చూపిస్తాను. మా పనిలో ఫైలు పంపేశాక కూడా దాన్ని మళ్ళీ తెరిచి చూసుకునేవాళ్ళు ఉంటారు. తప్పుల్లేవని తెలుసు, పంపేశామనీ తెలుసు, ఇప్పుడు తప్పు కనిపించినా చేసేదేమీ లేదనీ తెలుసు. అయినా చూస్తారు. నేనూ ఆ బాపతే. దీన్ని ఏమంటాం? అనుమానం అందామంటే మరీ పెద్ద మాట. చాదస్తం కొంత దగ్గరే గానీ అందులో తిట్టు ఎక్కువ. టెన్షన్ అంటే దేనికైనా అతుకుతుంది. అదే పని మరెక్కడ చేస్తామా అని ఆలోచిస్తే తలుపు దగ్గర దొరికింది. తాళం వేస్తాం, టక్కుమని చప్పుడు వింటాం, తాళంచెవి తీసి జేబులో వేసుకుంటాం. వేసుకున్నాక మళ్ళీ ఒకసారి తాళం పట్టుకుని లాగుతాం. కొందరు నాలుగు మెట్లు దిగి వెనక్కొచ్చి మరీ లాగుతారు.

మొదట రాసుకున్నది "వేసిన తాళాన్ని మళ్ళీ మళ్ళీ లాగి చూసుకోవడం". ఇది వర్ణన, జాతీయం కాదు. "మళ్ళీ మళ్ళీ" తీసేశాను, లాగడంలోనే అది ఉంది. "చూసుకోవడం" తీసేశాను. "వేసిన" కూడా పోయింది, వేయని తాళాన్ని ఎవరు లాగుతారు? చివరికి మిగిలింది "తాళం లాగడం". రెండే మాటలు. "పంపేశావు కదా, ఇంకా తాళం లాగుతావేంటి?" "ఆయన సరేనన్నాడు. నువ్వు పదేపదే ఫోన్ చేసి తాళం లాగకు." మా పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి రెండోరోజే "నేను రాత్రంతా తాళం లాగుతూనే ఉన్నాను" అంది, నేను అర్థం చెప్పకుండానే. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ అచ్చైన పుస్తకమూ ఇవ్వలేదు.

ఇందులో గమనించాల్సింది ఇంకోటి ఉంది. తెలుగు జాతీయాలు చాలావరకు నామవాచకం పక్కన క్రియ చేరి ఏర్పడతాయి. చేతులు దులుపుకోవడం, మొహం చాటేయడం, కళ్ళు నెత్తికెక్కడం. క్రియ చివర్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఎలా కావాలంటే అలా తిప్పుకోవచ్చు: లాగాడు, లాగకు, లాగుతూనే ఉంది, లాగాల్సిన పనిలేదు. అలా తిరగని మాట నాలుకమీద నిలవదు. మీ "గాజు మేఘం మీద నిద్రపోవడం"ని "నిద్రపోకు" అని, "నిద్రపోతూనే ఉన్నావు" అని పలికి చూడండి, బరువు తెలుస్తుంది.

ఇంకా ముఖ్యం, మన భాషలో చమత్కారం నామవాచకంలో కంటే క్రియలో ఎక్కువగా దాగి ఉంటుంది. ఇంగ్లీషు మాటలు కలిసిన కొత్త జాతీయాలు చూడండి. క్లాసు పీకడం, బోర్డు తిప్పేయడం, హ్యాండివ్వడం. నామవాచకాలన్నీ అరువువే. పని చేస్తున్నది మాత్రం మన క్రియలు. క్లాసుని చెబుతారు, తీసుకుంటారు, ఎవరూ పీకరు. ఆ "పీకడం" అనే మోటు క్రియ తగిలించగానే పాఠం కాస్తా చీవాట్లయింది. డిపాజిట్లు వసూలు చేసి రాత్రికి రాత్రి మాయమైన కంపెనీ గురించి పత్రికలు "బోర్డు తిప్పేసింది" అని రాస్తే, మోసం అన్న మాట వాడకుండానే మోసం మొత్తం కళ్ళకి కడుతుంది. "మూసేసింది" అంటే ఆ చురుకు లేదు. కాబట్టి కొత్త వస్తువు కోసం వెతికే ముందు, పాత వస్తువుకి తగని క్రియ ఒకటి తగిలించి చూడండి.

వస్తువు అంటే గుర్తొచ్చింది. మరీ కొత్త పరికరం మీద కట్టిన మాటకి ఒక ప్రమాదం ఉంది. ఆలస్యంగా అర్థం చేసుకునేవాణ్ణి "ట్యూబ్‌లైట్" అంటాం. స్టార్టర్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ స్విచ్ వేశాక రెండు మూడుసార్లు మిణుకుమని అప్పుడు వెలిగేది. ఎల్ఈడీ ట్యూబు స్విచ్ వేయగానే వెలుగుతుంది. దాన్నే చూస్తూ పెరిగిన పిల్లలకి ఆ వెక్కిరింపులో తర్కం కనిపించదు, మాటగా మాత్రం నేర్చుకుంటారు. "అరిగిపోయిన రికార్డు" కూడా ఆ దారిలోనే ఉంది. బాగా నలిగిన మాట వస్తువు పోయినా బతుకుతుంది. పుట్టిన ఏడాదికే వస్తువు పోతే మాటా పోతుంది. తాళం, మెట్లు, గొడుగు, గుండీ లాంటివాటికి ఆ భయం తక్కువ.

ఇక అర్థం రాయడం. నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. ఒక కథలో "వాడు మూతలేని పెన్ను" అని రాశాను. నా ఉద్దేశంలో, పనికొస్తాడు, చెడ్డవాడు కాదు, కానీ రహస్యం ఆగదు, నమ్మి దగ్గర పెట్టుకున్నవాడికే మరక అంటిస్తాడు. అచ్చుకి పంపే ముందు చదివినాయన "బాగుందండీ, ఎప్పుడూ రాయడానికి సిద్ధంగా ఉండేవాడన్నమాట" అన్నారు. ఇంకొకరు "త్వరగా ఎండిపోయేవాడు, అంటే ప్రతిభ ఉండీ నిలుపుకోలేనివాడు" అన్నారు. ముగ్గురం ముగ్గురికి మూడు అర్థాలు, మూడూ తప్పు కావు! మూత లేకపోతే పెన్ను సిద్ధంగానే ఉంటుంది, ఎండిపోతుంది, కారుతుంది కూడా.

తప్పు నాదే. బొమ్మకి మూడు దారులున్నప్పుడు రెండు మూసేసే బాధ్యత వాక్యానిది. "వాడు మూతలేని పెన్ను, జేబులో పెట్టుకోకు" అని మార్చాను. జేబు రాగానే మరక తప్ప ఇంకేదీ తోచదు. అప్పట్నుంచీ అర్థం రాసేటప్పుడు వివరణ కంటే ఉదాహరణ మీదే ఎక్కువ కష్టపడుతున్నాను. ఆ ఉదాహరణలో అర్థాన్ని మళ్ళీ చెప్పకూడదు. "వాడు రహస్యాలు దాచలేడు, మూతలేని పెన్ను" అంటే జాతీయం అలంకారానికి మిగులుతుంది, తీసేసినా నష్టం లేదు. "నాకు ఉద్యోగం మారే ఆలోచన ఉందని వాడితో అన్నావా? వాడసలే మూతలేని పెన్ను." ఇక్కడ తీసేస్తే వాక్యం కుంటుతుంది.

వివరణలో నేను తప్పక రాసేది, ఆ మాట ఎక్కడ వాడకూడదో. తాళం లాగడం తీరని అనుమానానికే, అవసరమైన తనిఖీకి కాదు. లెక్కలు రెండోసారి సరిచూసే ఉద్యోగిని ఆ మాట అంటే అన్యాయం. మూతలేని పెన్ను కావాలని గుట్టు బయటపెట్టేవాడికి నప్పదు, వాడికి వేరే మాటలున్నాయి. ఈ హద్దు రాయలేకపోతున్నారంటే అర్థం మీకే ఇంకా తేలలేదని లెక్క.

పరీక్ష ఎలా అంటారా? నేను బొమ్మ గీయించి చూస్తాను. బ్రూగెల్ అనే చిత్రకారుడు 1559లో తన ప్రాంతపు సామెతలన్నీ ఒకే ఊరి దృశ్యంగా గీశాడు. వందకు పైగా ఉన్నాయి. ఆ బొమ్మ ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. ఒకడు గోడకి తల బాదుకుంటుంటాడు, ఇంకొకడు దూడ మునిగి చచ్చాక బావి పూడుస్తుంటాడు. ఆ భాష రాని మనకి కూడా దూడా బావీ చూసిన ఒక్క క్షణానికి విషయం తడుతుంది. మీ మాటని పదేళ్ళ పిల్లాడికి చెప్పి గీయమనండి. గీయలేకపోతే బొమ్మ లేదన్నమాట. గీసిన బొమ్మ చూడగానే అర్థం మొత్తం బయటపడిపోతే, అది ఉపమానంగానే మిగిలిందన్నమాట. బొమ్మ తేలిగ్గా రావాలి, అర్థం ఒక్క క్షణం ఆలస్యంగా తట్టాలి. మనం "కాకతాళీయం" అనేటప్పుడు కాకి గుర్తుకే రాదు, కానీ కాకి వాలగానే తాటిపండు రాలిన ఆ బొమ్మ అడుగున లేకపోతే మాటే లేదు. రెండు సంఘటనల కథని ఒక్క పదంలోకి కుదించిన పనితనం అది. ఇప్పటి మనకి అంత కుదింపు చేతకావడం లేదు, ఎందుకో.

అసలు బొమ్మే పట్టుబడనివీ ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదనడానికి జర్మన్లు "నాకు రైల్వే స్టేషన్ మాత్రమే అర్థమైంది" అంటారు. వాళ్ళకది చెల్లింది, ఎందుకంటే లక్షల నోళ్ళలో నలిగింది. అలాంటిది చూసి మనం కొత్తగా అర్థంపర్థం లేనిది పుట్టిస్తే పొడుపుకథ అవుతుంది.

సామెత ధోరణిలో కట్టాలనుకుంటే మనకో చక్కని సదుపాయం ఉంది, "అన్నట్టు", "చేసినట్టు". ఏ వాక్యానికైనా చివర అది తగిలిస్తే వందేళ్ళ వయసు వచ్చేస్తుంది. అందుకే జాగ్రత్తగా వాడాలి, బలహీనమైన మాటని కూడా అది మోసేస్తుంది. ఇక్కడా ఖాళీ ఎక్కడుందో ముందు చూసుకోవాలి. పని మొదలవకముందే హక్కుల గురించి, పేర్ల గురించి హడావుడి చేసేవాళ్ళకి "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" ఉంది. అంతా అయిపోయాక, పట్టుకోవడానికి ఏమీ మిగలనిదాని మీద పెత్తనం కోసం కొట్టుకునేవాళ్ళకి? వెతికితే అంత బిగువైనది నాకు దొరకలేదు. "కరెంటు పోయాక రిమోట్ కోసం కొట్లాడుకున్నట్టు" అని కట్టాను. మూడు "క"లు దానంతటవే వచ్చిపడ్డాయి, నేను పేర్చలేదు. కావాలని పేర్చిన ప్రాస చెవికి తెలిసిపోతుంది. "ముందు నుయ్యి వెనక గొయ్యి" లాంటి ప్రాస దొరికితే అదృష్టం, దొరక్కపోతే ప్రాకులాడొద్దు.

అర్థం ఇలా రాశాను: ఆయువు తీరిన సంస్థ, సంఘం, పదవి వగైరాల మీద అధికారం కోసం లోపలివాళ్ళు పోట్లాడుకోవడం. బయటనుంచి చూసేవాళ్ళు అనే మాట, పోట్లాడుకునేవాళ్ళ మొహాన అంటే గొడవ ఖాయం. కరెంటు మళ్ళీ వచ్చే అవకాశం ఉంది కదా అని ఒకాయన వాదించారు. నిజమే, ఆ సందు ఉంది. అయినా కొట్టేయలేదు, నాకు ఇష్టం కాబట్టి.

ప్రచారం విషయంలో మాత్రం మీ చేతుల్లో ఏమీ లేదు. లండన్‌లో 1709లో జాన్ డెనిస్ అనే నాటక రచయిత, రంగస్థలం మీద ఉరుము చప్పుడు పుట్టించడానికి కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాటకం కొద్దిరోజులకే మూతపడింది. తర్వాత వేరే నాటకంలో అదే ఉరుము వినబడితే "నా ఉరుము దొంగిలించారు" అని మండిపడ్డాడట. ఆయన నాటకాలు ఇప్పుడెవరికీ పట్టవు, కోపంలో అన్న ఆ మాట మాత్రం పక్కవాడి ఘనతని కొట్టేయడం అనే అర్థంతో ఇంగ్లీషులో ఇప్పటికీ నడుస్తోంది. మన దగ్గర "కథ అడ్డం తిరిగింది" అన్న మాటకి ఊపు గురజాడ గిరీశం నోటినుంచి వచ్చింది. రెండింటిలోనూ మాట ఒక మనిషికి గట్టిగా తగిలిన క్షణంలో వచ్చింది. జాబితా రాసుకుంటూ కూర్చుంటే వచ్చింది కాదు. అందుకే ఇరవై ఒకేసారి చూపించకండి. ఒక్కటి తీసుకుని, అర్థం చెప్పకుండా, సందర్భం వచ్చినప్పుడు మీరే వాడండి. ఎవరైనా "అంటే?" అని అడిగితే చెప్పండి. అడక్కుండా నవ్వితే ఇంకా మంచిది.

మీ "చీకటికి రంగు వేయడం" పారేయొద్దు, అర్థం మార్చండి. ఎవరూ చూడరని తెలిసి కూడా శ్రద్ధగా చేసే పనికి అది సరిపోతుందేమో చూడండి. బీరువా వెనకవైపు కూడా నున్నగా చిత్రిక పట్టే వడ్రంగి లాంటివాళ్ళకి. అప్పుడు అందులో ఎగతాళి పోయి గౌరవం వస్తుంది, ఆ గది ఇంకా నిండలేదు కూడా.

ఇంకో సందర్భం మీకు అప్పగిస్తున్నాను, నేను మూడేళ్ళుగా పట్టుకోలేకపోతున్నది. ఇద్దరు మనుషులు చాలాసేపు మాట్లాడుకుని, చేతులు కలుపుకుని, "మరి ఉంటానండీ" అని ఘనంగా సెలవు తీసుకుంటారు. తీరా కదిలేసరికి ఇద్దరి దారీ ఒకటే. పక్కపక్కనే నడవాలి, మాటలేమో అయిపోయాయి. ఒకడు చెప్పుల పట్టీ సర్దుకునే నెపంతో వెనకబడతాడు. ఆ పది అడుగుల నడకకి ఒక పేరు కావాలి.